సంఘం బట్ట

సూరత్, లింబాయత్
22 నవంబర్ 2020

చెల్లె వజ్రమ్మకు,

అన్న బక్కయ్య రాసే ముచ్చట్లు. నేను, మీ వదినె చిన్నవ్వ ఇద్దరం లేస్తున్నం, తింటున్నం, మూతికి మాస్కులు కట్టుకొని కూరగాయలకు పోయొస్తున్నం. నీ మోకాలు ఎట్లుంది? నూనె రాస్తున్నవా, రాసినట్టు చెప్తున్నవా?

ఫోన్ల మాట్లాడితే ఏం పోతది అని మొన్న మీ వదినెతోటి అన్నవట. నలభై ఏండ్లు సాంచాల, కరెంటు మగ్గాల నడుమ నిలవడ్డ చెవులు బిడ్డా ఇవి. కార్ఖానాల ఆ లొడలొడకు ఎప్పుడో సచ్చిపోయినయి. ఎదురుంగ ఉన్న మనిషి పెదవులు చూసి అర్థం చేసుకుంట, ఫోన్ల పెదవులు యాడుంటయి? అందుకే గీ కాయిదం. పోస్టాఫీసుల పిల్ల నవ్వుతది, ఇంకా ఉత్తరాలు రాసేటోళ్లు ఉన్నరా కాకా అని. ఉన్నం, జర మంచిగ చూసుకో, మళ్ల దొరకం అన్న.

ఇగ నా ఏడుపు విను. దీపావళి అయినంక మన మార్కండేయ సహాయ సంఘం మీటింగ్ పెట్టుడు రివాజు కద. పోయిన ఆదివారం పెట్టిన. అర్ర ఊడ్చిన, చాపలు పరిచిన, మీ వదినె ముప్పై మందికి సరిపోను చాయ్ పెట్టింది. వచ్చింది ముగ్గురం. అధ్యక్షున్ని నేను, కార్యదర్శి సోమలింగం, ఇగ రాజమౌళి. చాయ్ పారబోస్తే మీ వదినె ఊకుంటదా? సోమలింగం ఐదు కప్పులు తాగి కడుపు పట్టుకొని కూసున్నడు.

నువ్వు సూరత్‌ల ఉన్నప్పుడు నూట నలభై ఇండ్లుండె. లాక్‌డౌన్ల సగం మంది ఊర్లకు నడిచి పోయిన్రు, మళ్ల రాలే. వచ్చినోళ్లు ఊరి కొసలకు చెదిరిన్రు, ఒకడు కోసాడ్ క్వార్టర్లల్ల, ఒకడు జోల్వాల, ఇంకొకడు ఇచ్ఛాపూర్ల. పన్నెండు గంటల పాలి డ్యూటీ చేసి వచ్చినోన్ని సంఘానికి రమ్మంటే ఏం వస్తడు? పోరగాళ్లు వాట్సాప్ల గ్రూపు పెట్టిన్రట. ఎవలన్న పోతే దండం బొమ్మ పెడుతరట. అయిపాయె, పాడె లేసినట్టే!

నీకు తెల్వంది కాదు గని రాసుకుంటే నాకు ధైర్యమైతది. మన పెద్దమనుషులు పెట్టిన కట్టుబాట్లు రెండే. ఒకటి, సంఘపోడు పోతే కబురు ఒక మనిషి తీసుకపోవాలె, గడప కాడ నిలవడి పేరు చెప్పాలె. రెండోది సంఘం బట్ట. ఈ ఊరంత పాలిస్టరు నేసుకుంట బతికినా, పోయేటప్పుడు మన మీద నూలు బట్ట, మనోళ్ల చేతితోటి నేసిందే కప్పాలె. అందరు తలా జానెడు నేసేది. అది ఎవ్వల పేరు తలవకుండ నేయాలె. తలిచి నేస్తే ఆ మనిషిని బట్ట పిలుసుకపోతదని మన ముసలోళ్ల బుగులు. ఇప్పుడు చేతిమగ్గం మీద కూసునేటోన్ని నేనొక్కన్నే మిగిలిన. సోమలింగానికి చెయ్యి వణుకుతది, రాజమౌళికి నడుము వంగది. పెట్టెల ఒక్క బట్ట ఉన్నది. ఈడ తెల్ల నూలు మంచిది దొరుకుతలేదు. సిరిసిల్ల నుంచి లారీల ఏమన్న పంపరాదు?

నీకొక్కదానికే చెప్తున్న, నాకు బుగులైతంది. పిల్లలు లేనోళ్లం. రేపు మా ఇద్దరిల ఒకరు పోతే రెండోవాళ్లు ఎవల తలుపు కొట్టాలె?

అన్న బక్కయ్య


సిరిసిల్ల
9 డిసెంబర్ 2020

అన్నా,

నీ ఉత్తరం చదివి మొదలు నవ్విన, తరువాత ఏడ్చిన, తరువాత నీ మీద కోపమచ్చింది. ముప్పై మందికి చాయ్ పెట్టిపిచ్చినవా మా వదినెతోటి? ఆమె కాళ్లు ఏమన్న ఇనుపయా? ముగ్గురే వస్తరని నీకు తెల్వదా? తెలుసు. తెలిసి కూడ పెట్టిపిచ్చినవు. చిన్నప్పటి నుంచి నువ్వు గంతే, లేనిది ఉన్నట్టు చేస్తవు.

నూలు పంపిన. లారీ డ్రైవర్‌కు నీ ఇంటి గుర్తు చెప్పిన, గులాబి రంగు ఓటలా అరుగు ఉన్న ఇల్లు అని. ఇంకా గులాబి రంగే ఉన్నదా? నా మోకాలు గురించి అడగకు. అది ఇప్పుడు నా మోకాలు కాదు, డాక్టర్‌ది.

సంఘం బంద్ చెయ్యి అని నోటిదాక వచ్చింది, గని అననీకి నాకు నోరు లేదు. మా ఆయన ఆ కార్ఖానాల గుండె పట్టుకొని కూలిన దినం నాకు ఇంకా కండ్లల్లనే ఉన్నది. నేను గుజరాతి రాక, హిందీ రాక గోడకు ఒరిగి కూసున్న. నువ్వు ఆ దినం సూరత్‌ల లేవు. గడియ గాకముందే సోమలింగమన్న వచ్చిండు. ఆయనెనుక నలభై మంది. ఏం కావాలె అని ఒక్కలు అడగలే, అన్ని వాళ్లే చేసిన్రు. ఆ తెల్లబట్ట కప్పుతుంటే సోమలింగమన్న నా దిక్కు చూసి, ఇది మనదే చెల్లె, మనోళ్లు నేసిందే అన్నడు. ఆ మాట మీద నేను ఇన్నేండ్లు బతికిన. ఆయన నంబర్ నా ఫోన్ల నీ నంబర్ కింద రాసుకున్న. పండుగకు పండుగకు నేనే ఫోన్ చేస్త. ఆయన పెండ్లాం పద్మారాణి నాతోటి అరగంట మాట్లాడుతది.

నేయి అన్నా. గని పొద్దస్తమానం అదే నేసుకుంట కూసోకు. మనసు ఆడికే పోతది. జరంత టీవీ చూడు, పెద్ద సౌండ్ పెట్టుకో, పక్కోళ్లు తిడితే నీకు వినవడదు కద.

చెల్లె వజ్రమ్మ


సూరత్
8 ఏప్రిల్ 2021

వజ్రమ్మా,

నూలు బాగున్నది. డిసెంబర్లనే రాయాల్సిండె, తిట్టకు.

ఈడ మళ్ల మొదలైంది. పోయినేడాది లెక్క కాదు. మా గల్లీల ఆరు ఇండ్లకు రిబ్బన్లు కట్టిన్రు. అంబులెన్సు నాకు వినవడది, గని గోడ మీద ఎర్ర దీపం తిరిగితే తెలుస్తది. పొద్దున్నుంచి మాపుదాక ఆ దీపమే. మనుషులందరు మూతులు మూసుకున్నరు చెల్లె. పెదవులు కనవడక నాకు ఈ ఊర్ల ఒక్క మాట తెల్వకుంటయింది. డాక్టర్ చెప్తడు, కండ్లు తప్ప ఏం కనవడవు. మందుల దుకాణమోడు చెప్తడు, గదే తీరు. తల ఊపి వస్త. దేనికి ఊపిన్నో నాకే తెల్వదు.

పెట్టెల ఉన్న ఆఖరి బట్ట హోళీ ముందు కోసాడ్ల ఒక ముసలాయనకు పోయింది. ఇప్పుడు ఉన్నది ఒక్కటే, మగ్గం మీద ఉన్నది. ఇంకో జానెడు నేస్తే అయితది. నేస్త లేను. ఎందుకో చెప్త. మొన్న నేసుకుంట ఉంటే ఒక పేరు యాదికి వచ్చింది. తరిమిన, పోలే. లేసి నీళ్లు తాగొచ్చిన, మళ్ల గదే పేరు. ఆ పేరు కాయిదం మీద రాయ. నోటితోటి అన. ఆ బట్ట ఇగ ఎవ్వలకు ఇచ్చేది లేదు. అది ఎవలదో అడగకు.

మీ వదినె మంచిగనే ఉన్నది, పడుకున్నది. సోమలింగానికి, రాజమౌళికి ఇంటికి రావద్దని చీటీ పంపిన. నువ్వు కూడ ఎవలికి ఏం చెప్పకు. నా చెయ్యి వణుకుతంది, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తది.

బక్కయ్య


సిరిసిల్ల
16 ఏప్రిల్ 2021

అన్నా,

ఏం రాసినవు అది?

ఎవలి పేరో నాకు తెల్వదనుకున్నవా? నీ పేరే. నీకే వచ్చింది ఆ రోగం. వదినె మంచిగున్నదని రాసినవు, నువ్వు మంచిగున్నవని ఒక్క ముక్క రాయలే. చెయ్యి వణుకుతందట. ఎవలిని రావద్దని చీటీలు పంపుతవట. ఆఖరుకు నీ బట్ట నువ్వే నేసుకుంటున్నవు. సిగ్గున్నదా నీకు? నేను పంపిన నూలుతోటా?

వదినెకు ఫోన్ చేసిన. నిన్న నాలుగుసార్లు, ఇయ్యాల ఆరుసార్లు. మోగుతంది, ఎత్తుతలేదు. నీకు వినవడది సరే, ఆమె ఎందుకు ఎత్తుతలేదు? నిన్ను దవాఖానకు తోలుకపోయిందని అనుకున్న. ఇంకేమేమో అనుకున్న, అది రాయ.

ఇగ ఉండవట్టక సోమలింగమన్నకు ఫోన్ చేసిన. అన్నా, మా అన్నకు మంచిగలేదు, ఒక్కసారి పోయి చూసి రారాదు అని ఏడ్చిన. పద్మారాణి వెనక నుంచి, బయట ఎట్లున్నదో ఎరుకేనా అని అంటంది, నాకు వినవడ్డది. ఆయన మాత్రం, నువ్వు ఫోన్ పెట్టెయ్ చెల్లె, చెప్పులేసుకుంటున్న అన్నడు. అప్పుడు నాకు పానం లేసొచ్చింది.

ఆయన చెప్పినట్టు విను. నీ మొండితనం ఆయన కాడ చూపకు.

వజ్రమ్మ


సూరత్
27 ఏప్రిల్ 2021

వజ్రమ్మా,

ఎవలు పంపమన్నరు నిన్ను ఆయనను? ఎవలు పంపమన్నరు?

నాకు ఏం కాలే. జరం వచ్చింది మీ వదినెకు. రాస్తున్న చూడు, పేరు కూడ రాస్తున్న. చిన్నవ్వకు. రాయొద్దని ఇన్ని రోజులు దాచిన, నువ్వు రాసేదాక తెచ్చినవు. ఆ బట్ట నేసుకుంట ఉంటే నాకు యాదికి వచ్చింది ఆమె పేరే. ఆ మాపటికే ఆమె ఒళ్లు కాలింది. నన్ను పిచ్చోడు అను, ఏమన్న అను. నేను తలిచిన, జరం వచ్చింది.

సోమలింగం వచ్చిండు. దూరం నిలవడమని చేతులతోటి ఎంత చెప్పినా వినలే. లోపలికి వచ్చి మీ వదినెను చూసిండు. ఆమె పెదవులు నీలం రంగుల ఉన్నయి. నేను రెండు రోజుల నుంచి చూస్తున్న, అది చలి అనుకున్న. సోమలింగం నన్ను ఒక్కటి తిట్టి, ఆమెను రెండు చేతులల్ల ఎత్తుకున్నడు. చెయ్యి వణికేటోడు ఎత్తుకున్నడు. ఆటోల తన ఒళ్ల ఆమె తల పెట్టుకొని కూసున్నడు. మూడు దవాఖానలు తిరిగినం. నాలుగోదాంట్ల వరండాల ఒక మంచం దొరికింది. దొరికేదాక లోపల మాట్లాడింది ఆయనే. నేను స్తంభం కాడ నిలవడ్డ, నాకు ఎవ్వల మాట తెల్వది కద.

ఇప్పుడు ఆమెకు ఆక్సిజన్ పెట్టిన్రు. చూడనిస్తలేరు. పొద్దున గేటు కాడికి పోత, అద్దంలకెళ్లి నర్సు బొటనవేలు పైకి చూపుతది. అది చూసి వస్త. ఒకదినం ఆ నర్సు లేకుండె. ఆ దినం నేను ఎట్ల ఉన్ననో నీకు చెప్ప.

బట్ట ఇంకా మగ్గం మీదనే ఉన్నది. కోయలే. అది మగ్గం మీద ఉన్నన్ని రోజులు ఆమె ఉంటది. ఇది ఏ కట్టుబాటుల లేదు, నేను పెట్టుకున్నది. నవ్వుతే నవ్వు.

నిన్న రాజమౌళి చీటీ పంపిండు. సోమలింగానికి దగ్గు పట్టుకున్నదట. రాసిన, ఇగ నా వల్ల కాదు.

బక్కయ్య


సిరిసిల్ల
5 మే 2021

అన్నా,

నీ ఉత్తరం, ఆ వార్త ఒక్కటే దినం వచ్చినయి. నీ ఉత్తరం పొద్దున వచ్చింది. సోమలింగమన్నకు దగ్గు అని చదివి, ఫోన్ చేద్దమని చేతిల పట్టుకున్న. ఆ దినం నుంచి ఎన్నిసార్లు చేసినా ఆయన ఫోన్ కలుస్తలేదు, ఇగ రాజమౌళికి చేస్తే ఎత్తిండు. మే ఒకటినాడే పోయిండట.

ఏం రాయాలె నేను? నేను ఏడ్చి పంపిన మనిషి. చెప్పులేసుకుంటున్న అన్న మనిషి. పద్మారాణి వెనక నుంచి వద్దంటంది. ఆ గొంతు నా చెవులల్లకెళ్లి పోతలేదు. నీకు రోగమని నేను తప్పు అర్థం చేసుకోకపోతే ఆయన ఇంట్లనే ఉండేటోడు. నేను పంపకపోతే వదినె పోయేది. రెండు కూడ నిజమే, రెండిటి నడుమ నేను ఎటు తిరగాలె?

ఒక్కటే నిమ్మళం. నువ్వు ఆడ ఉన్నవు. నలభై మంది రాకున్నా నువ్వు, రాజమౌళి పోయి ఉంటరు. కార్పొరేషనోళ్లు ప్లాస్టిక్‌ల చుట్టినా పైనుంచి సంఘం బట్ట కప్పింటవు. మా ఆయన మీద ఆయన కప్పిండు, ఆయన మీద నువ్వు కప్పినవు. రాజమౌళిని అడగనీకి ధైర్యం రాలే, ఆయన ఫోన్ల ఏడుస్తుండె. నువ్వు రాయి. ఎట్ల పోయిండో, ఎవలు వచ్చిన్రో అంత రాయి.

వదినె ఎట్లున్నది?

వజ్రమ్మ


సూరత్
14 మే 2021

వజ్రమ్మా,

మీ వదినెకు నయమైంది. ఆక్సిజన్ తీసిన్రు. నాలుగు రోజులల్ల ఇంటికి పంపుతరట. దేవుడు పెద్దోడు.

సోమలింగం ముచ్చట. దవాఖాన నుంచి సీద కార్పొరేషన్ బండిల తీసుకపోయిన్రు. ఎవలను దగ్గరికి రానియ్యలే. ప్లాస్టిక్ మీద బట్ట గిట్ల కప్పనియ్యరు. రాజమౌళి కబురు పట్టుకొని వచ్చిండట మా ఇంటికి. నాకు వినవడలే. నా చెవుల సంగతి నీకు ఎరుకే కద. తెలిసేసరికి అంత అయిపోయింది.

ఎండలు మస్తున్నయి. నీ మోకాలు జాగ్రత్త.

బక్కయ్య


సిరిసిల్ల
24 మే 2021

అన్నా,

నీ ఉత్తరం ఇంత చిన్నగ ఎన్నడు రాలే.

వదినె ఇంటికి వచ్చిందని తెలిసి నిన్న ఫోన్ చేసిన. గొంతు సన్నగైంది పాపం. నేను దుఃఖం ఆపుకోలేక, సోమలింగమన్న నిన్ను బతికిచ్చి తను పోయిండు వదినె అన్న. ఆమె అన్నది, ఆయన ఊరికి పోయిండని మీ అన్న చెప్పిండు కద అని. నాకెట్ల తెలుస్తది నువ్వు ఆమెకు చెప్పలేదని? నా నోటితోటే చెప్పిచ్చినవు. ఫోన్ చేతిల పట్టుకొనే ఏడ్చింది, పెట్టెయ్యలే, నేను పెట్టెయ్యలే.

తరువాత రాజమౌళికి ఫోన్ చేసిన. ఇగ దాచేదేం లేదు. నువ్వు వినలేదని రాసినవు. ఆయన అంటడు, కిటికీ కాడ నిలవడి మూడుసార్లు చెప్పిన, నీ అన్న నా మూతి దిక్కే చూసిండు, చూసి కిటికీ మూసిండు అని. ఇంకొకటి కూడ అన్నడు. బండి కాడ చానమంది తమోళ్ల మీద పైనుంచి బట్టలు కప్పిన్రట. శాలువలు, చీరెలు, ఏది దొరికితే అది. కార్పొరేషనోళ్లు దూరం జరిగి కప్పనిచ్చిన్రట. నువ్వు బట్ట తెస్తవని చూస్తే, సోమలింగమన్న ఒక్కని మీదనే ఏం లేకుండె.

ఆయన అబద్ధం చెప్తుండా, నువ్వు చెప్తున్నవా? నాకు నువ్వే చెప్పు. నువ్వు చెప్పిందే నమ్ముత. అందుకే భయమైతంది.

వజ్రమ్మ


సూరత్
6 జూన్ 2021

చెల్లె వజ్రమ్మకు,

రాజమౌళి చెప్పిందే నిజం.

మధ్యాహ్నం పూట. నేను మగ్గం అర్రల కూసున్న. కిటికీల నీడ పడ్డది, చూస్తే రాజమౌళి. మాస్కు కిందికి గుంజిండు. గసొంటి రోజులల్ల, నాకు పెదవులు కనవడాలని గుంజిండు. సోమలింగం పోయిండన్నడు. నాకు ఎంత మంచిగ తెలిసిందో చెప్పలేను. నేను చెవి మీద చెయ్యి పెట్టి తల అడ్డంగ ఊపిన. రెండోసారి చెప్పిండు. బట్ట దిక్కు వేలు చూపి మూడోసారి చెప్పిండు. నేను లేసి కిటికీ రెక్క ఏసిన.

ఎందుకంటవా? పక్కనే బట్ట. జానెడు తక్కువైనా కోస్తే అయిపాయె. గని ఆ దినం పొద్దున గేటు కాడ నర్సు బొటనవేలు చూపలే. చెయ్యి అటు ఇటు ఊపింది. చిన్నవ్వ అటా ఇటా ఉన్నదన్నట్టు. ఆ బట్ట మగ్గం మీద నుంచి తీస్తే ఆమె దారం తెగుతదని నాకు గట్టిగ అనిపిచ్చింది. అది పిచ్చి అని ఆ గడియల కూడ ఎరుకే. ఎరుకయ్యి కూడ తలుపు తీయలే. కిటికీ మూసి గొళ్లెం పెట్టి, మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని, రెండు చేతులతోటి ఆ బట్టను పట్టుకొని కూసున్న. చానసేపటికి నీడ పోయింది. ముప్పై ఏండ్లు సంఘం సంఘం అని అందరిని తిట్టిన. రానోళ్లను, కోసాడ్ పోయినోళ్లను, వాట్సాప్ పోరగాళ్లను అందరిని. కబురు నా గడపకే వస్తే రాంది నేనే.

మీ వదినె నీ ఫోన్ పెట్టినంక మూడో రోజు నన్ను ముందల కూసోబెట్టి అంత అడిగింది. ఈ ఉత్తరంల రాసినట్టే చెప్పిన. ఆమె లేసి గోడ పట్టుకొని నడుసుకుంట మగ్గం అర్రలకు పోయింది. ఆ బట్టను చూసింది. ఇది నాకా అన్నది. ఊ అన్న. నా మీద ఇది కప్పినవంటే నేను కాట్ల నుంచి లేసి వస్త అన్నది. నన్ను ఎత్తుకపోయినోనికి లేని బట్ట నాకెందుకు, నన్ను ప్లాస్టిక్‌లనే పంపు అన్నది. గొంతు పెంచలే. పెంచినా నాకు వినవడదు. పెదవులు మాత్రం ఒక్కొక్క మాటకు ఆపి ఆపి చెప్పింది, నాకు తెలియాలని.

ఇంకొకటి కూడ చెప్పింది. పోయి అన్ని గడపలకు కబురు చెప్పు, సంఘపోళ్లు కాకపోయినా సరే అన్నది. నెలరోజులయింది, అందరికి ఎరుకే ఉంటది అన్న. నువ్వు చెప్పలే కద అన్నది.

పోయిన. కోసాడ్ల నాలుగంతస్తులు ఎక్కిన. జోల్వాల కార్ఖానా గేటు కాడ పాలి మారేదాక నిలవడ్డ. ఇచ్ఛాపూర్ల ఒకాయన నన్ను గుర్తు పట్టలే. అందరి కాడ ఒక్కటే చెప్పిన, సోమలింగం పోయిండు, నేను పోలే, తలుపు తీయలే అని. తెలుసు కాకా, గ్రూపుల చూసినం అన్నరు కొందరు. ఒకామె కుర్చీ ఏసి నీళ్లిచ్చింది. ఒకడు, మరి మా నాయన పోయినప్పుడు మేం రెండు సంఘం మీటింగులకు రాలేదని నువ్వు ఎంత మాటన్నవో యాదికున్నదా అన్నడు. ఉన్నది అన్న. రాజమౌళి అయితే సంఘం తాళంచెవి నా చేతుల పెట్టి లోపలికి పోయిండు.

ఆఖరుకు సోమలింగం ఇంటికి పోయిన. బట్ట కోసి మడతవెట్టి పట్టుకపోయిన. పద్మారాణి చూసింది, చేతులకు తీసుకోలే. ఎవల మీద కప్పాలె అన్నా అని అడిగింది. నేను బట్టను మళ్ల సంచిల పెట్టిన. అప్పుడు ఇంకొకటి అడిగింది. ఆ దినం ఎవలో ఫోన్ చేసిన్రు, ఫోన్ల ఏడుస్తున్నరు, నేను వద్దన్నా ఈయన పోయిండు. నంబర్ చూద్దమంటే ఈయన ఫోన్ దవాఖానల్నే పోయింది. ఎవలది ఆ ఫోన్ అన్నది.

వజ్రమ్మా, ఆమెకు నీ గొంతు పోల్చుకరాలే. ఏడుపుల గొంతులన్ని ఒక్కతీరుగనే ఉంటయేమో. నేనే చేపిచ్చిన అని చెప్పిన. పక్కింటామెతోటి ఫోన్ చేపిచ్చి నేనే రమ్మన్న అన్న. ఆమె నా మీద మన్ను పోసింది. నిజంగనే, పూలకుండిలున్న మన్ను తీసి పోసింది. తల వంచుకొని పడ్డ. నన్ను ఇగ ఆ గడప ఎక్కనియ్యది.

నువ్వు ఫోన్ చేసిన ముచ్చట నాకు, నీకు, పోయినోనికి తప్ప ఎవలకు ఎరుక లేదు. ఎవలకు చెప్పకు. నీతోటి అరగంట మాట్లాడేటామె, గా ఒక్కటన్న నీకు మిగలాలె. ఎట్లాగు నేను తిట్లకు పనికొచ్చిన. చెవులు కూడ లేవు, మంచిదే.

నీ అన్న బక్కయ్య


సిరిసిల్ల
15 జూన్ 2021

అన్నా,

నిన్ను ఎన్ని తిట్టాలని కూసున్ననో, కాయిదం పట్టుకుంటే ఒక్కటి వస్తలేదు. నువ్వు కిటికీ మూసినందుకు నిన్ను క్షమించనీకి నేనెవలను? అది పద్మారాణి చేతుల ఉన్నది, లేకుంటే లేదు.

గని నా తప్పు నీ నెత్తి మీద ఏసుకొని నాకు మేలు చేసిన అనుకోకు. మొన్న ఆమె నాకు ఫోన్ చేసింది. ఎప్పటి తీరుగనే అక్కా అన్నది. నీ అన్న మా ఇల్లు కూల్చిండు అక్కా, గా మనిషితోటి నువ్వు ఎట్ల మాట్లాడుతున్నవు అన్నది. అరగంట నన్ను పట్టుకొని ఏడ్చింది, నాకు చెప్పుకుంటే నిమ్మళమైతది అన్నది. నేను ఊ, ఊ అనుకుంట విన్న. నువ్వు మిగిలిచ్చింది నాకు ఇదే అన్నా. ఇంకొక్కసారి ఆమె అక్కా అంటే నేను ఉండలేను.

ఫోన్ల చెప్పనీకి ధైర్యం రాలే. ఇది ఫోన్ల చెప్పేది కూడ కాదు. టీకా వేపిచ్చుకున్న, ఒళ్లు నొప్పులు తగ్గినయి. ఈ నెల ఇరవై తొమ్మిదికి సికింద్రాబాద్ల టికెట్ దొరికింది. నాకు చాన బుగులైతంది. రైలంటే కాదు, రోగమంటే కాదు. ఆమె ముఖం ఎట్ల మారుతదో అదే కండ్ల ముందల ఆడుతంది.

స్టేషన్‌కు వదినెను తీసుకరాకు, ఆమెకు ఇంకా దమ్ము లేదు. నువ్వొక్కనివే రా. ఇంటికి కాదు, సీద పద్మారాణి ఇంటికే పోదం. నిన్ను ఎక్కనియ్యకుంటే నువ్వు రోడ్డు మీద నిలవడు, నడుమ మాట్లాడకు. నేను మాస్కు తీసి, ఆ ఏడ్చింది నేనే అని చెప్త. తలుపు మూస్తే ఆమె తీసేదాక ఓటలా మీద కూసుంట.

చెల్లె వజ్రమ్మ